మూడు పీటలు, నాలుగు సెంటీమీటర్ల మిగులు

నా దగ్గర నలభై ఒక్క నోటు పుస్తకాలు ఉన్నాయి. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఈనాటి వరకు మా ఇంట్లో జరిగిన ప్రతి విషయమూ తేదీతో, వేళతో, అవసరమైన చోట పటంతో సహా వాటిలో నమోదై ఉంది. గ్యాస్ సిలిండరు మార్చిన రోజులు, గోడ గడియారం ఆగిపోయిన వేళలు, మా ఆవిడ కామాక్షి నాతో మాట్లాడటం మానేసిన సందర్భాలు, అందుకు నా దృష్టిలో కారణాలు, ఆమె దృష్టిలో కారణాలు, అన్నీ వేర్వేరు శీర్షికల కింద చూసుకోవచ్చు. అన్ని పుస్తకాలలోనూ ఒక్క పేజీ మీద మాత్రమే తెల్లకాగితం అతికించి ఉంది. నాలుగు అంచులకూ మైదా జిగురు పట్టించి నేనే స్వయంగా అతికించాను. ఆ కాగితం కింద ఉన్నది నా జీవితంలోని అత్యంత ఘోరమైన పరాజయం. ఆ పరాజయం ఒక పిల్లల పీట మీద, నా సొంత కారులో, మా వీధి వీధంతా చూస్తుండగా జరిగింది.

ఐదేళ్ళపాటు ఆ పేజీ జోలికి ఎవరూ పోలేదు. పోయిన వారం నా పెద్ద మనుమరాలు మేఘన ఆ పుస్తకాన్ని ట్యూబులైటుకు ఎదురుగా ఎత్తి పట్టుకుని, అతికించిన కాగితం గుండా అక్షరం అక్షరం కూడబలుక్కుని మొత్తం చదివేసింది. ఇప్పుడు దానికి పన్నెండేళ్ళు.

“తాతా, దీన్ని నువ్వు రాస్తావా, నన్ను రాయమంటావా?” అని అడిగింది.

“నువ్వెందుకమ్మా రాసేది?”

“మా స్కూలు పత్రిక్కి ఏదన్నా నవ్వొచ్చేది రాసియ్యమన్నారు.”

నవ్వొచ్చేదట! అవతలి పక్షం వారి కథనం ముందుగా అచ్చయితే నా గతి ఏమవుతుందో ఊహించుకుని, ఆ రాత్రి భోజనం కూడా సగంలో వదిలేసి కలం పట్టుకున్నాను. చదవరులారా, నవ్వదలచుకుంటే నవ్వండి. అయితే తీర్పు మాత్రం చివరిదాకా చదివాక ఇవ్వండి.

ముందు నా గురించి రెండు మాటలు. చిత్తూరులో ఒక కార్యాలయంలో ముప్పై నాలుగేళ్ళు రికార్డుల గదిని ఏలాను. ఏలాను అన్న మాట తెలిసే వాడుతున్నాను. బయటి నుంచి వచ్చిన ప్రతి కాగితానికీ ఒక నంబరు వేయాలి, తేదీ ముద్ర కొట్టాలి, కుడివైపు పైమూల ‘చదివితిని, గ్రహించితిని’ అని రాసి సంతకం చేయాలి, ఆపైన దాని ఫైలులో దాన్ని పడుకోబెట్టాలి. ఎప్పుడు ఎవరు ఏ కాగితం అడిగినా ఒక్క నిమిషంలో తీసి చేతిలో పెట్టేవాడిని. ఆ కాగితంలో ఏముందని మాత్రం నన్ను ఎవరూ ఏనాడూ అడగలేదు. ఈ వాక్యాన్ని దయచేసి గుర్తుంచుకోండి. తరువాత పనికి వస్తుంది.

పదవీ విరమణ తరువాత తిరుపతికి మారాము. మా అమ్మాయి సుజాత ఇల్లు మా ఇంటికి రెండు వీధుల అవతల. ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు కాబట్టి పెళ్ళి పత్రికలకూ, మందుల చీటీలకూ, పలమనేరు నుంచి మా అత్తగారు పంపిన ఊరగాయ కొలతల కాగితానికీ నంబర్లు వేస్తూ వచ్చాను. “ఇంటికొచ్చే చుట్టాలకి మాత్రం నంబరు ఎయ్యలా ఈయన” అని కామాక్షి ఇరుగుపొరుగుతో చెబుతుంది. అది నిజం కాదు. చుట్టాలకు వేరే రిజిస్టరు ఉంది.

ఇక అసలు సంగతికి వస్తాను. సుజాతకు ముగ్గురు పిల్లలు. అప్పటికి మేఘనకు ఏడేళ్ళు. చరణ్, కిరణ్ అనే కవలలకు నాలుగేళ్ళు. సుజాత ఒక ఆసుపత్రిలో అత్యవసర విభాగంలో నర్సు. రోడ్డు ప్రమాదాలలో దెబ్బలు తగిలిన పిల్లలను రోజూ చేతులతో ఎత్తుకునే మనిషి. అందువల్ల కారులో పిల్లలు కూర్చునే విషయంలో ఆమె మాటకు ఎదురులేదు. ముగ్గురికీ ఎత్తు పీటలు ఉండాలి, ముగ్గురికీ బెల్టు పడాలి. ఎత్తు పీట అంటే వెన్ను ఆనుకునే చెక్క లేకుండా, మెత్తగా, రెండు వైపులా చేతులతో ఉండే బూస్టరు సీటు. దాని మీద కూర్చుంటే బెల్టు పిల్లల మెడకు కాకుండా భుజానికి వస్తుంది.

అంతకు ముందు ఏడాది మా అల్లుడి కారులో పలమనేరుకు వెళ్ళాము. అందులో వెనుక ఇద్దరికే భుజాల మీది బెల్టులు ఉన్నాయి. కవలలు వాటిలో కూర్చున్నారు. మేఘననూ దాని పీటనూ నా బావమరిది మునిరత్నం బండిలోకి ఎక్కించారు. మునిరత్నానికి పలమనేరులో పది పాడి ఆవులు. బండి పెద్దదే గాని, ఆయన తిరుపతికి వచ్చాడంటే ఆవుల దాణా మూటలతో దాన్ని పైకప్పు దాకా నింపకుండా తిరిగి వెళ్ళడు. పిల్ల మూడు గంటలు తవుడు మూటల పక్కన ఒంటరిగా ప్రయాణం చేసి, జుట్టు నిండా పొట్టుతో దిగింది.  సాయంత్రం నా పక్కన చేరి, నెమ్మదిగా ఒక మాట అంది.

“వాళ్ళిద్దరూ జత తాతా. నేను మిగిలిపోయినదాన్ని.”

ముప్పై నాలుగేళ్ళలో ఎన్ని అర్జీలు నా చేతుల మీదుగా పోయాయో లెక్కలేదు. ఏ అర్జీ కూడా నన్ను అంతగా కదిలించలేదు. వెంటనే నోటు పుస్తకం తీసి, దాని ఎదుటే రాశాను: ‘రాబోయే వేసవి సెలవులలో పలమనేరు ప్రయాణం నా కారులో. ముగ్గురు పిల్లలూ పక్కపక్కనే. మధ్యలో మేఘన.’ కింద సంతకం చేశాను. అది “తేదీ వెయ్యలా” అంది. తేదీ కూడా వేశాను.

వెనుక ముగ్గురికీ సరైన బెల్టులున్న కారు చూసి మరీ కొన్నాను. కాణిపాకం తీసుకెళ్ళి పూజ చేయించాను. కొత్త కారు కదా, వెనుక సీటు మీద కంపెనీ వారు తొడిగిన ప్లాస్టిక్ తొడుగు అలాగే ఉంచాను. తరువాత మూడు కొత్త పీటలు తెప్పించి సుజాత ఇంట్లో దింపాను.

“నాయనా, మూడూ పడతాయా?” అని సుజాత అడిగింది.

“లెక్క గట్టినానమ్మా.”

“లెక్క గాదు. మూడు సీట్లూ పట్టాల. మూడు బెల్టులూ టక్కుమని పడాల. ఆ సౌండు నా చెవుల్తో నేను వినాల. లేదంటే ఇద్దరు నీ కార్లో, మేఘన మునిరత్నం మామ బండిలో. దీంట్లో మార్పు లేదు.”

మార్పు ఉండదని నాకు తెలుసు. ఆమె నా కూతురు.

లెక్క ఎలా కట్టానో వివరిస్తాను. కారు వెనుక సీటు వెడల్పును కామాక్షి కుట్టు టేపుతో ఒకసారి, ఇనుప టేపుతో ఒకసారి, పురికొసతో ఒకసారి కొలిచాను. నూట ముప్పై సెంటీమీటర్లు. పీట వెడల్పు ఎంతని అట్టపెట్టె మీద చూశాను. నలభై రెండు అని అచ్చువేసి ఉంది. మూడు పీటలకు నూట ఇరవై ఆరు. నాలుగు సెంటీమీటర్లు మిగులు! నోటు పుస్తకంలో పటం గీసి, కింద ఇలా రాశాను: ‘మిగులు స్థలమును మంచినీళ్ళ సీసాకు కేటాయించవచ్చును.’

పీటను ఎందుకు కొలవలేదని మీరు అడగవచ్చు. అయ్యా, అచ్చులో నలభై రెండు అని ఉన్నప్పుడు టేపు పట్టుకుని పీట మీద అనుమానపడటం నా శిక్షణకు విరుద్ధం. మా గదిలో కాగితం ఒకటి చెప్పి వస్తువు ఇంకొకటి చెబితే, తప్పు ఎప్పుడూ వస్తువుదే.

పోనీ, ముందుగా ఒకసారి కారులో పెట్టి చూడవలసింది కదా అంటారా? పీటలు వచ్చిన బుధవారం అష్టమి, గురువారం నవమి. “కొత్త వస్తువు బండిలో ఈ రెండు దినాలు పెట్టొద్దండీ” అని కామాక్షి అడ్డుపడింది. శుక్రవారం దశమి. ప్రయాణం కూడా ఆ ఉదయమే. మూడు పీటలతో పాటు మూడు చిన్న పుస్తకాలు కూడా వచ్చాయి. వాటికి వరుసగా నంబర్లు వేసి, తేదీ ముద్ర కొట్టి, మూల మీద రాయవలసింది రాసి, సంతకాలు చేసి, ‘వాహనము – పీటలు’ అనే కొత్త ఫైలు తెరిచి పెట్టాను. పని పూర్తయిందన్న తృప్తితో ఆ పూట రెండు కాఫీలు తాగాను.

శుక్రవారం ఉదయం ఆరు గంటలకు సుజాత ముగ్గురు పిల్లలతో, మూడు పీటలతో మా గుమ్మంలో దిగింది. ఏడింటికి ఆమె డ్యూటీ. ముందు రోజు పని మీద వచ్చిన మునిరత్నం బండి మా కారు వెనుకే నిలిచి ఉంది. వెనుక భాగమంతా మూటలు. మధ్య వరుసలో కూడా మూటలే. ఒక్క మనిషికి మాత్రం చోటు మిగిలింది. ఆ చోటును మేఘన ఒకసారి చూసి, నా వైపు తిరిగింది.

“తాతా, మధ్యలో నేనే గదా?”

“సంతకం జేసినాను గదమ్మా!” అన్నాను, చాలా గంభీరంగా.

మొదటి పీట కుడివైపు కూర్చుంది. రెండోది మధ్యలో కూర్చుంది. మూడోది ఎడమ తలుపు దగ్గర సగం లోపలికి వెళ్ళి, సగం బయట ఆగిపోయింది, పందిట్లోకి రమ్మంటే సిగ్గుపడుతున్న కొత్త పెళ్ళికొడుకులాగా. కొంచెం నెట్టాను. కదల్లేదు. మోకాలితో నెట్టాను. అప్పుడు కదిలింది. కాకపోతే కదిలింది ఆ పీట కాదు. సీటు మీది ప్లాస్టిక్ తొడుగు నున్నగా ఉండటం వల్ల మూడూ కలిసి జారి, కుడి తలుపులో నుంచి మొదటి పీట దూకి, అక్కడ నిలబడి పళ్ళు తోముకుంటున్న మునిరత్నం కాలి మీద పడింది.

“యమ్మా! ఏంది బావా ఇది?”

“ఆ తలుపు మూసి పెట్టు మునిరత్నం. లెక్క ప్రకారం పట్టాల.”

“పీటకి నీ లెక్క దెలుసునా?”

“నాలుగు సెంటీమీటర్లు మిగులు ఉండాది.”

“మిగులు నా కాలి మీద పడె గదా!”

మునిరత్నం కుడి తలుపు మూసి, దానికి వీపు ఆనించి, పొగరుబోతు ఆవును కట్టుకొయ్యకు అదిమిపట్టినట్లు నిలబడ్డాడు. నేను ఎడమవైపు నుంచి భుజం పెట్టి తోశాను. మూడో పీట లోపలికి పోయింది! విజయగర్వంతో తలుపు వేశాను. తలుపు జానెడు దూరంలో ఆగి, వెనక్కి వచ్చి, నా మోచేతిని పలకరించింది.

“కొబ్బరి నూనె ఏమన్నా రాస్తే?” అని గుమ్మంలో నుంచి కామాక్షి.

“అది దోసె పెనమా?”

“మీ మొగానికి జెప్పలా. పీట్లకి జెప్పినా.”

“అటూ ఇటూ వంకరగా పెట్టు బావా,” అని మునిరత్నం. “మా ఆవుల్ని లారీలో అట్లే ఎక్కిస్తాం. ఒకటి తల ఇటు, ఒకటి తల అటు.”

“వంకరగా పెడితే బెల్టు సరిగ్గా రాదు మామా,” అని సుజాత. ఆమె గడియారం చూసుకుంది. “నాయనా, ఆరున్నర.”

అప్పటికి పాలు పోయించుకోవడానికి వచ్చిన పక్కింటి ఆవిడ గిన్నె పట్టుకుని ఆగిపోయింది. ఎదురింటి మేడ మీద ఇద్దరు నిలబడ్డారు. వాళ్ళందరికీ వినిపించేలా మునిరత్నం గొంతెత్తాడు.

“మూడు పీటలేసి పెట్టినావు, బాసికాలు గూడా తెప్పించు బావా, పెండ్లి జేసేస్తాం. ఎందుకబ్బా ఈ తిప్పలు? నా బండి ఉండాది గదా! పాపని నా కాడ కూర్చోబెట్టు.”

“నేను తవుడు మూటల కాడ కూర్చోను,” అంది మేఘన.

ఆ గొంతు వినగానే నాలో మిగిలి ఉన్న కొద్దిపాటి వివేకం కూడా సెలవు తీసుకుంది. బయటి నుంచి తోయటమే పొరపాటనీ, లోపల మధ్యలో ఒక మనిషి కూర్చుని రెండు వైపులా బలం పెట్టాలనీ నాకు తోచింది. ఆ మనిషి ఎవరు? నేనే. ఆ మధ్య పీట మీద ఎక్కి కూర్చున్నాను. నా వయసు అప్పటికి అరవై ఒకటి. నా తల కారు పైకప్పుకు తగిలింది. మోకాళ్ళు చెవుల దాకా వచ్చాయి. అంతటితో ఆగి ఉంటే ఈ పేజీ మీద కాగితం అతికించే అవసరం ఉండేది కాదు. నేను ఆగలేదు.

“సుజాతా, ఈడికి రా. సౌండు వినాలంటివి గదా, విను.”

మధ్య బెల్టు లాగి నాకే కట్టుకున్నాను. టక్.

“విన్నావా?”

“విన్నా,” అంది సుజాత, అనుమానంగా.

“ఇప్పుడు ఇటొకటి, అటొకటి నెట్టి తలుపులు మూయండి!”

మునిరత్నం కుడివైపు పీటను నెట్టి తలుపు మూశాడు. తరువాత పరుగున ఎడమవైపు వచ్చి, మూడో పీటను పెట్టి, తలుపుకు తుంటి ఆనించి, పది ఆవులను సాకిన బలమంతా ఉపయోగించాడు. కారు కిర్రుమంది. నేనూ కిర్రుమన్నాను. తలుపు మూతపడింది.

వీధిలో ఎవరో చప్పట్లు కొట్టారు. మూడు పీటలు, ఒకే వరుసలో, తలుపులు మూసి! నోటు పుస్తకం తెమ్మని కేకవేద్దామనుకుని, ముందు కిందికి దిగుదామని బెల్టు మీట కోసం చెయ్యి పెట్టాను. మీట లేదు. బెల్టు మీట ఎడమ పీట కింద ఎక్కడో సమాధి అయిపోయింది. వేలు కూడా దూరే సందు లేదు. బెల్టును లాగాను. లాగేకొద్దీ బిగిసే గుణం దానికి ఉందని అప్పుడే తెలిసింది.

“మునిరత్నం, ఎడమ పీట తియ్యి.”

తలుపు తెరిచి లాగాడు. పీట పక్కన చెవిలాగా పొడుచుకు వచ్చిన ఒక గుండ్రని కప్పు ఉంది, నీళ్ళ గ్లాసు పెట్టుకోవడానికి. అది నా నడుము మీది బెల్టు కిందికి దూరి పట్టుకుంది. ఆయన పీటను లాగితే, పీట బెల్టును లాగింది, బెల్టు నన్ను లాగింది. కుడివైపు నుంచి లాగితే అటువైపు చెవి నా జేబులో దూరింది. చొక్కా జేబు కాదు, పంట్లాము జేబు. అందులో నా ఇనుప టేపు ఉంది. ఆ టేపు నన్ను ఎక్కడ పొడిచిందో ఈ పత్రిక మర్యాదను దృష్టిలో ఉంచుకుని రాయడం లేదు.

“లాగొద్దు! లాగొద్దు!”

“లాగాల్నా వద్దా, ఒక మాట జెప్పు బావా.”

“ఆలోచించి లాగు!”

ఈ అదను చూసుకుని కవలలిద్దరూ చెరొక తలుపులో నుంచి దూరి, చెరొక పీట మీద ఎక్కి కూర్చున్నారు. కుడివైపు చరణ్, ఎడమవైపు కిరణ్, మధ్యలో బెల్టుతో బంధింపబడిన నేను.

“తాత గూడా చిన్నపిల్లోడే!” అని కిరణ్ కేకవేశాడు.

“తాతా, ఏడవొద్దు. పలమనేరులో దూడ ఉండాది,” అని చరణ్ నా మోకాలు నిమిరాడు.

పక్కింటి ఆవిడ పాల గిన్నె కింద పెట్టి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కామాక్షి నవ్వలేదు. ఆమె ఇంట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుని నవ్వింది. అయినా నాకు వినిపించింది.

నేను ఇవేవీ పట్టించుకోలేదు. కారు అద్దంలో నుంచి నేను చూస్తున్నది మేఘనను. దాని చోటు మధ్యలో. ఆ మధ్య చోటులో సాక్షాత్తూ దానికి మాట ఇచ్చిన మనిషే ఇరుక్కుని కూర్చున్నాడు. అది తన చిన్న సంచీని భుజానికి తగిలించుకుంది. నెమ్మదిగా నడిచి వెళ్ళి మునిరత్నం బండి తలుపు తెరిచింది. తవుడు మూటను ఒకదాన్ని చేత్తో కొంచెం పక్కకు జరుపుకుంది.

ఆ మూట జరిగిన చప్పుడు నాకు ఈనాటికీ వినిపిస్తూనే ఉంటుంది.

“మేఘనా!” అని పిలిచాను. “పోవద్దమ్మా. ఏదో ఒకటి జేస్తా.”

అది వెనక్కి వచ్చి కారు కిటికీలో ముఖం పెట్టింది. కళ్ళలో నీళ్ళు ఉన్నాయి గాని, వాటి వెనుక వేరే ఏదో కదులుతోంది. నా పక్కన కూర్చుని నా ఫైళ్ళను చూసిన పిల్ల అది.

“తాతా, ఈ పీటలకి పుస్తకం ఏమీ రాలేదా?”

“వచ్చినాయమ్మా. మూడు.”

“యాడుండాయి?”

“చెక్క బీరువా. రెండో అర. ‘వాహనము – పీటలు’ ఫైలు.”

మేఘన పరుగెత్తింది. చదవరులారా, ఒక్క విషయం న్యాయంగా ఒప్పుకోండి. ఏడేళ్ళ పిల్ల, నిమిషం తిరగకుండా, తనకు కావలసిన కాగితాన్ని పట్టుకుని బయటికి వచ్చింది. ఫైళ్ళను అమర్చే నా పద్ధతిలో ఎక్కడా లోపం లేదు. ఆ రోజు మా ఇంట్లో సరిగ్గా పనిచేసింది అదొక్కటే.

మేఘన అందరి ముందూ పుస్తకాన్ని తెరిచి, కుడివైపు పైమూల ఉన్నది గట్టిగా చదివింది.

“చదివితిని, గ్రహించితిని. తాత సంతకం.” నా వైపు చూసింది. “చదివినావు గదా తాతా?”

నేను బెల్టు వైపు వేలు చూపించాను. బెల్టు బిగువుగా ఉంది.

“మూడో పేజీలో ఏముండాదో చెప్పు.”

“మూడో పేజీ...” అన్నాను. “అది... సాధారణ విషయాలు.”

“సాధారణ విషయాలంట!” అని మునిరత్నం వీధి వైపు తిరిగి ప్రకటించాడు.

మేఘన పుస్తకాన్ని తిప్పి నాకు చూపింది. మూడో పేజీలో పీట బొమ్మ ఉంది. బొమ్మకు రెండు వైపులా రెండు చెవులు. ఆ రెండు చెవుల మీద లోపలి వైపుకు తిరిగిన రెండు పెద్ద బాణాలు. అక్షరం ముక్క రానివాడికి కూడా అర్థం కావాలని, కంపెనీ వారు ఆ బాణాలకు ఎర్ర రంగు కూడా వేశారు.

మేఘన కిరణ్‌ను దించింది. చూపుడు వేలితో ఎడమ పీట చెవిని నొక్కింది. చిటుక్. చెవి లోపలికి వెళ్ళి మాయమైంది. అవతలి చెవి. చిటుక్. నా ఊపిరి ఒక వైపు తిరిగి వచ్చింది. కుడి పీటకు రెండు చిటుకులు. నా కింద ఉన్న పీటకు రెండు చిటుకులు. మొత్తం ఆరు. ఆరోదానితో పీటలు మూడూ వదులయ్యాయి. బెల్టు మీట ఎర్రగా, అమాయకంగా, కళ్ళ ముందుకు వచ్చింది. ఒక్క వేలితో నొక్కగానే నేను విడుదలయ్యాను.

“ఆ చెవులు బయటికి ఎవరు లాగినారు?” అని నేను గర్జించాను.

“మేమే!” అన్నారు కవలలు, బహుమతి ఇస్తామని పిలిచినట్లుగా. “డబ్బా తెరిచిన దినమే లాగినాం.”

“మరి జెప్పలేదేమిరా?”

“నువ్వు అడగలా!”

సుజాత పీటలను సరిచేసింది. ముగ్గురూ ఎక్కారు. అటు చరణ్, ఇటు కిరణ్, మధ్యలో మేఘన. సుజాత వంగి, చెవి దగ్గర పెట్టి మరీ విన్నది. టక్. టక్. టక్. ప్రతి బెల్టునూ లాగి చూసింది. మేఘన బెల్టు భుజం మీదుగా సరిగ్గా వచ్చిందో లేదో రెండుసార్లు చూసింది. తరువాత నా చొక్కా మీద నలిగిన చోట చేత్తో సాపు చేసి, “పోయి రా నాయనా, నిదానంగా పో” అంది. నవ్వు ఆపుకుంటున్నట్లు ఆమె పెదవులు కదలుతున్నాయి. డ్యూటీకి పది నిమిషాలు ఆలస్యం అయింది. పది నిమిషాలూ నా ఖాతాలోనే.

ఒక విషయం మరిచిపోయాను. తలుపు వేశాక చివరి పీట పక్కన చిన్న సందు కనిపించింది. టేపు తీసి కొలిచాను. నాలుగు సెంటీమీటర్లు! లెక్క తప్పు కాదని మునిరత్నాన్ని పిలిచి చూపాను. మంచినీళ్ళ సీసా తెచ్చి అందులో పెట్టబోయాను. అది పట్టలేదు. సీసా కొలత నేను తీసుకోలేదు.

దారి పొడవునా మునిరత్నం బండి మాకన్నా ముందే ఉంది. చిత్తూరులో టీ కోసం ఆగినప్పుడు, ఆయన కొట్టు ముందు బెంచీ మీద నా మాదిరి మోకాళ్ళు చెవుల దాకా తెచ్చుకుని కూర్చుని ఎవరికో ఏదో చూపిస్తున్నాడు. నన్ను చూసి కాళ్ళు దించాడు. ఆ ఎవరో మాత్రం నాకు లేచి నమస్కారం పెట్టి, “కూర్చోండి సార్, ఈడ ఎత్తుగా ఉండాది” అన్నాడు. మేము పలమనేరు చేరేసరికి వార్త మాకంటే అరగంట ముందే చేరిపోయింది. మా అత్తగారికి అప్పటికి చూపు తక్కువ. అరుగు మీద కూర్చుని, కారు చప్పుడు విని, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని అడిగింది:

“పిల్లోళ్ళంతా బాగా వచ్చినారా? అల్లుడు యా పీట మీద కూర్చోనుండాడు?”

ఆనాటి నుంచి ఆ ఊళ్ళో నా పేరు పీట తాత. ముప్పై నాలుగేళ్ళ సేవ ఒక ఉదయంలో కొట్టుకుపోయింది. అయితే మేఘన ఆ రోజు కారు దిగేటప్పుడు జుట్టులో ఒక్క పొట్టు కూడా లేదు. దిగి, కవలలిద్దరి చేతులూ చెరొకటి పట్టుకుని, దూడను చూపించడానికి లాక్కుని పోయింది. పోతూ పోతూ వెనక్కి తిరిగి, “వచ్చేటప్పుడు గూడా మధ్యలో నేనే తాతా!” అని అరిచింది.

ఆ సాయంత్రమే జరిగినదంతా ఉన్నది ఉన్నట్లుగా రాశాను. చివర, ఏ కాగితాన్నీ చదవకుండా సంతకం చేయనని నాలుగు పేరాల ప్రతిజ్ఞ కూడా రాశాను. సాక్షి సంతకం కోసం మేఘనకు ఇచ్చాను. దూడ దగ్గరికి పోవాలన్న తొందరలో అది సంతకం చేసి పారిపోయింది. తిరుపతి చేరాక, ఎవరి కంటా పడకూడదని తెల్లకాగితం అతికించాను.

పోయిన వారం అది ట్యూబులైటు కింద ఆ పేజీ చదివినప్పుడు, అట్టడుగున ఉన్నదాన్ని మాత్రం నేనే చూపించాను. అక్కడ ఏడేళ్ళ పిల్ల గుండ్రని అక్షరాలలో ఇలా ఉంది: ‘చదివితిని, గ్రహించితిని. మేఘన.’

“అప్పుడే చదివినట్లు సంతకం జేసినావే! మరి ఇప్పుడు లైటు కింద పెట్టి కొత్తగా చదివేదేంది?” అని నిలదీశాను. ఐదేళ్ళకు దొరికిన ఒకే ఒక్క విజయం.

అది ఏమాత్రం తొణకలేదు. “నువ్వు నేర్పినట్లే జేసినాను తాతా,” అంది.

కనుక చదవరులందరి ఎదుటా ఇందుమూలముగా ప్రతిజ్ఞ చేయుచున్నాను. ఇకమీదట ఏ కాగితపు మూల మీదనైనా సంతకం చేయుటకు ముందు, దానిని మొదటి నుంచి చివరి వరకు, బొమ్మలతో సహా, బాణములతో సహా, చదువుదును. ఏ వస్తువునైనా దాని పెట్టెను గాక దానినే కొలిచెదను. మనుమల పీటల మీద ప్రాణం పోయినను కూర్చుండను. ఈ ప్రతిజ్ఞ కింద సాక్షిగా మేఘన సంతకం చేసినది.

చదివిన తరువాతే చేసినది. ఎదురుగా కూర్చుని, పేజీ తిప్పేదాకా నేనే చూశాను.